పడవ కిటికీ పగిలితే

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

పోయిన నెల పడవల గురించి మాట్లాడుకున్నప్పుడు ఒక శ్రోత ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగారు. "మా మోటార్ యాట్‌లో కేబిన్ కిటికీ అద్దం పగిలిందండీ. కొలతలు తీసుకెళ్ళి హార్డ్‌వేర్ షాపులో గాజు కోయించుకుని, చుట్టూ సిలికోన్ పూసి పెట్టేసుకోవచ్చా?" అని. ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, వద్దండీ. ఎందుకు వద్దో, మరేం చెయ్యాలో చెప్పాలంటే మాత్రం ఇవాళ్టి సమయమంతా పడుతుంది.

మన హ్యూస్టన్ తెలుగువాళ్ళలో పడవలున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే అయినా, క్లియర్ లేక్ వైపు నివాసాలు పెరిగాక ఆ సరదా కొందరికి అంటుకుంది. కొత్త యాట్ ధర వింటే గుండె జారిపోతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి ఏ 1980ల నాటిదో, 90ల నాటిదో పాత పడవ కొనుక్కుంటారు. మాదీ అలాంటిదే. ముప్ఫై ఆరడుగుల పడవ, మూడు కుటుంబాల ఉమ్మడి సొత్తు. శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని కీమా వంతెన కిందుగా గాల్వెస్టన్ బేలోకి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాం. పాత పడవ కొంటే దాంతోపాటు పాత కిటికీలు కూడా వస్తాయి. ముప్ఫై ఏళ్ళ ఎండ తిన్న కిటికీలు.

మా పడవలో ఎడమ పక్క పెద్ద కేబిన్ కిటికీ నలభై ఎనిమిది అంగుళాల పొడవు, పదహారు అంగుళాల ఎత్తు. దాని కింది మూలలో స్క్రూ దగ్గర్నించి ఒక సన్నటి బీట బయల్దేరింది. వెంట్రుకంత. "అంత చిన్న గీతకి ఇంత హడావుడి ఎందుకు, టేపు అంటిద్దాం" అన్నారు భాగస్వాముల్లో ఒకరు. అప్పుడు మేం వేసుకున్న లెక్క మీకూ చెప్తాను. ఆ అద్దం విస్తీర్ణం 768 చదరపు అంగుళాలు. పక్కనుంచి ఒక కెరటం వచ్చి కొట్టినప్పుడు చదరపు అంగుళానికి రెండు పౌన్ల ఒత్తిడి పడిందనుకోండి. మొత్తం బరువు 1,536 పౌన్లు, అంటే దగ్గర దగ్గర ఏడు వందల కిలోలు. బాగున్న అద్దం దాన్ని ఓర్చుకుంటుంది, బీట ఇచ్చినది ఓర్చుకుంటుందన్న నమ్మకం లేదు. ఆ కిటికీ కిందున్న సోఫా మీదే మా మూడిళ్ళ పిల్లలూ కూర్చుని పేకాడుకుంటారు. టేపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సరే, బీట అసలెందుకు వచ్చిందో ముందు చూద్దాం. కారణం తెలియకుండా అద్దం మారిస్తే కొత్తదీ అక్కడే పగులుతుంది. ఏ రాయో, గాలివానలో ఎగిరొచ్చిన చెక్కో తగిలి పగిలితే అది వేరే సంగతి. తగిలిన గుర్తు కనిపిస్తుంది. గుర్తేమీ లేకుండా స్క్రూ రంధ్రం దగ్గరో మూల దగ్గరో బీట మొదలైందంటే మాత్రం అద్దం ఊపిరాడక పగిలిందని అర్థం.

చాలా పడవల్లో పక్క కిటికీలకు ఉండేది గాజు కాదు, అక్రిలిక్. ప్లెక్సీగ్లాస్ అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఈ అక్రిలిక్ వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. గాజు కూడా అంతే కానీ, గాజు కంటే ఇది ఏడెనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. మన ఊళ్ళో నలుపు రంగు వేసిన కిటికీ అద్దం జూలై మధ్యాహ్నం ఎండలో 65 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి తేలిగ్గా వెళ్తుంది. జనవరి తెల్లవారుజామున సున్నా దగ్గరుంటుంది. 2021 ఫిబ్రవరిలో మనందరి ఇళ్ళలో పైపులు పగిలిన చలి గుర్తుందిగా, అప్పుడు సున్నాకి ఇంకా చాలా కిందికే పోయింది. ఆ 65 డిగ్రీల తేడాకి మా అద్దం పొడవులో అయిదున్నర మిల్లీమీటర్ల దాకా మారుతుంది. అదే గాజయితే ముప్పాతిక మిల్లీమీటరు లోపే. చుట్టూ ఉన్న ఫైబర్‌గ్లాస్ గోడ తెల్లగా ఉంటుంది, అంత వేడెక్కదు, అంత సాగదు. దాని వంతు మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంటే గోడకీ అద్దానికీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల తేడా, రెండు కొసల్లోనూ చెరి రెండు. దీన్ని మీరు ఆపలేరు. దానికి చోటివ్వడం ఒక్కటే మన చేతిలో ఉంది.

మా పడవ పాత యజమాని ఎక్కడో ఒక యార్డులో ఆ కిటికీ ఒకసారి మార్పించారట. ఆ పని చేసినవారు అద్దానికి స్క్రూ పట్టేంత రంధ్రమే వేశారు, దాంట్లో తల కిందికి కోసుగా ఉండే స్క్రూలు బిగించారు, అంచు చుట్టూ గాలి కూడా దూరనంత బిగువుగా కూర్చోబెట్టారు. చూడ్డానికి ఎంతో నీటుగా ఉంది. కానీ కోసు తల స్క్రూ బిగిస్తే ఏమవుతుంది? మేకులా రంధ్రాన్ని విడదీస్తుంది. దానికి తోడు వేసవిలో అద్దం సాగాలంటే చోటు లేదు. ఇరవై వేసవులు ఓర్చుకుని చివరికి పగిలింది. నన్నడిగితే, అన్నాళ్ళు ఆగడమే గొప్ప.

మూలల విషయం కూడా చెప్పాలి. పడవ కిటికీల మూలలు గుండ్రంగా ఎందుకుంటాయి, అందం కోసమా అని మా అమ్మాయి అడిగింది. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు మధ్యధరా సముద్రం మీద గాల్లోనే విచ్చిపోయాయి. తర్వాత ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక విమానం ఒడలిని పెద్ద నీటి తొట్టిలో ఉంచి, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేల సార్లు పరీక్షించారు. తేలిందేమిటంటే, ఒంట్లో పెట్టిన కోతల మూలల దగ్గర ఒత్తిడి పోగుపడి, లోహం అలసిపోయి, అక్కణ్ణించి చీలిక మొదలవుతోంది. అద్దానికీ అంతే, గోడకీ అంతే. కొత్త అద్దం కోయించేటప్పుడు మూల కోసుగా వచ్చిందో, రంపం పళ్ళ గీతలు అంచున మిగిలాయో, రేపటి బీటకి ఇవాళే విత్తనం వేసినట్టు. అంచుల్ని సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చెయ్యమనేది అందుకే.

ఇప్పుడు ఏ అద్దం వెయ్యాలన్న ప్రశ్న. ఇంటి కిటికీకి వేసే మామూలు గాజు ఎంత మందం ఉన్నా పనికిరాదు. పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది, అదీ ఊగే పడవలో. గాజే కావాలంటే టెంపర్డ్ గాజు, లేదా రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు. టెంపర్డ్ గాజుని ఒకసారి కాల్చి చల్లార్చాక కొయ్యడానికీ రంధ్రం పెట్టడానికీ వీల్లేదు. ప్రయత్నిస్తే మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. అందుకని మీరిచ్చే నమూనా కచ్చితంగా ఉండాలి. స్టీరింగు ముందుండే అద్దానికి గాజే వెయ్యాలి. అక్కడ వైపర్ తిరుగుతుంది, అక్రిలిక్ అయితే ఒక్క సీజన్‌లో గీతలు పడి సాయంత్రపు ఎండకి ఏమీ కనబడదు.

పక్క కిటికీలకి అక్రిలిక్ మంచిదని నా అభిప్రాయం. పాలీకార్బొనేట్, అంటే లెక్సాన్ లాంటిది, సుత్తితో కొట్టినా పగలదని చాలామంది దానివైపు మొగ్గుతారు. నిజమే, దెబ్బకి దాన్ని మించింది లేదు. కానీ అది తేలిగ్గా గీతలు పడుతుంది, ఎండకి పచ్చబడుతుంది, పైగా వంగుతుంది. అలా వంగి, పగలకుండానే చట్రంలోంచి మొత్తంగా ఊడి లోపలికి పడే ప్రమాదముంది. మందం విషయంలో మాత్రం ఊహలొద్దు. ఉన్న అద్దం కంటే పలచగా ఎప్పుడూ వెయ్యొద్దు. కిటికీ సైజునీ, పడవ ఎలాంటి నీళ్ళలో తిరుగుతుందన్నదాన్నీ బట్టి మందం లెక్కకట్టడానికి ఐఎస్‌ఓ 12216 అనే ప్రమాణం ఉంది, అమెరికాలో ఏబీవైసీ వారి హెచ్-3 ఉంది. మంచి సర్వేయర్ అయితే ఇవి చూసే చెప్తాడు.

అక్రిలిక్ గురించి చిన్న పిట్టకథ. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాల పైకప్పులు దీంతోనే చేసేవారు. అవి పగిలి పైలట్ల కళ్ళలో ముక్కలు గుచ్చుకున్నప్పుడు, కన్ను ఆ ముక్కల్ని పెద్దగా పేచీ పెట్టకుండా భరిస్తోందని హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లీషు కంటి డాక్టరు గమనించారు. 1949లో ఆయన లండన్‌లో ఒక రోగి కంట్లో అక్రిలిక్‌తో చేసిన కటకం అమర్చారు. మన అమ్మమ్మలకీ తాతయ్యలకీ శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే లెన్సు కథ అక్కడ మొదలైంది. పడవ కిటికీకీ తాతగారి చూపుకీ చుట్టరికం ఉందన్నమాట.

ఇక అంటించే పదార్థం. సగం కిటికీలు చెడిపోయేది ఇక్కడే. మరీనా పక్క షాపుకెళ్తే అరల నిండా ట్యూబులే. పడవకి కదా అని ఏదో ఒక మెరీన్ సీలెంట్ తెచ్చేస్తారు. పాలీసల్ఫైడ్ టేకు చెక్కకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది కానీ అక్రిలిక్‌నీ పాలీకార్బొనేట్‌నీ తినేస్తుంది, సన్నటి జాలీలాగా పగుళ్ళు తెప్పిస్తుంది. పాలీయురేథేన్ రాయిలా పట్టుకుంటుంది కాబట్టి అద్దం సాగడానికి వీలుండదు, పైగా ప్లాస్టిక్ కిటికీలకి వాడొద్దని తయారీదార్లే చెప్తారు. మిగిలింది సిలికోన్. అందులోనూ రెండు రకాలు. మూత తియ్యగానే వెనిగర్ వాసన వస్తే అది ఇక్కడికి పనికిరాదు. ఆ ఆమ్లం అల్యూమినియం చట్రాన్ని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ క్యూర్ రకం కావాలి. పెద్ద భవనాల అద్దాల గోడలకి వాడే డౌసిల్ 795, పూర్వం డౌ కార్నింగ్ 795 అనేవారు, దాన్నే చాలామంది పడవలవాళ్ళు వాడుతున్నారు. దానికి జోడీగా త్రీఎమ్ వారి వీహెచ్‌బీ అనే రెండు వైపులా అంటుకునే నురుగు టేపు.

టేపు ఎందుకంటారా? అది అద్దాన్ని పట్టుకుని ఉంచుతుంది, అంతకంటే ముఖ్యంగా సిలికోన్ పొరకి మందం ఇస్తుంది. ఇందాక చెప్పిన రెండు మిల్లీమీటర్ల కదలిక గుర్తుందా? సిలికోన్ పొర మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే, పైభాగం రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా ఆ పొర సుమారు ఇరవై శాతం సాగితే సరిపోతుంది. 795 రకం యాభై శాతం దాకా ఓర్చుకుంటుంది. అదే మీరు గట్టిగా నొక్కి పొరని అర మిల్లీమీటరు చేశారనుకోండి, అంతే కదలికకి అది నాలుగింతలు సాగాలి. సాగలేదు, తెగుతుంది. క్లాంపులు పెట్టి సిలికోనంతా బయటికొచ్చేదాకా బిగించేవాళ్ళు ఎంత శ్రద్ధగా చేసినా రెండో వర్షాకాలానికి నీళ్ళు కారడం ఇందువల్లే.

పని మొదలెట్టేముందు డాక్ నుంచి వచ్చే కరెంటు తీగ ఊడదీయండి. కిటికీ కింది లోపలి పలకల వెనక వైర్లుంటాయి. ఫోటోలు తీసి పెట్టుకోండి, గాలివానలో పగిలితే ఇన్సూరెన్సువాళ్ళు అడుగుతారు. పాత అద్దాన్ని ముక్కలు చెయ్యకుండా తియ్యడానికి ప్రయత్నించండి, అదే మీ కొత్తదానికి నమూనా. మేమైతే మోటుగా పొడవకుండా గిటారు తీగ కొసలకి రెండు చెక్కలు కట్టి, లోపలొకరు బయటొకరు ఉండి రంపంలా లాగాం. గంటన్నర పట్టింది కానీ గోడ మీద గీత పడలేదు.

అద్దం తీశాక మీకు కిటికీ కోతలో గోడ మందం కనబడుతుంది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరలు, వాటి మధ్య ప్లైవుడ్డో బాల్సా చెక్కో. అసలు భయపడాల్సింది దీని గురించే. కారే కిటికీలోంచి నీళ్ళు కేబిన్‌లోకి వస్తే కనబడతాయి, తుడుచుకుంటాం. కనబడకుండా ఆ చెక్కలోకి పోయే నీళ్ళు ఏళ్ళ తరబడి కుళ్ళబెడతాయి. కిటికీ చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. బాగున్న చోట ఠక్కున మోగుతుంది, కుళ్ళిన చోట తడి మద్దెల మీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. మాకు కింది మూలలో జానెడు మేర మెత్తబడింది. వేలితో గిల్లితే తడి టీ పొడిలా రాలింది. ఆ భాగమంతా తవ్వి తీసి, వారం రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టి, చిక్కగా కలిపిన ఎపాక్సీ నింపాం. బాగున్న చెక్క అంచులకి కూడా చుట్టూ ఎపాక్సీ పూత వేశాం. అద్దం ఖర్చు కంటే ఈ పనికి పట్టిన సమయమే ఎక్కువ. ఇంకో రెండేళ్ళు టేపుతో నెట్టుకొచ్చి ఉంటే గోడ సగం పోయేది.

అప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఆయనది తాళ్ళరేవు, చిన్నప్పట్నించి చెక్క ఓడలు కట్టడం చూసినవారు. డాక్ మీద కుర్చీ వేసుకుని అంతా చూసి, "ఏరా, మా చెక్క పడవ నీళ్ళు తాగి ఉబ్బి తన సందు తనే మూసుకునేదిరా. ఇది ఉబ్బదు కదా, దీనికన్నీ మీరే చెయ్యాలి" అన్నారు. పదేళ్ళు ఇంజనీరింగ్ పుస్తకాలు తిరగేసినా అంత సూటిగా చెప్పలేను.

కొత్త అద్దం కోత కంటే చుట్టూ అంగుళం పైన పెద్దదిగా ఉండి, బయటివైపు నుంచి గోడ మీద కూర్చోవాలి. కెరటం కొడితే గోడకేసి నొక్కుకుంటుందే తప్ప లోపలికి పడదు. మీ కిటికీ అల్యూమినియం చట్రంలో కూర్చునే రకమైతే, అంచు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. స్క్రూలు తప్పనిసరైతే రంధ్రం స్క్రూ కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా, తల కింద చదునుగా ఉండే రకం, బిగువు వేలితో తిప్పిన దానికి కాస్త ఎక్కువ. స్టీలు స్క్రూ అల్యూమినియంని తాకే చోట ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం తెల్లటి పొడి అయిపోతుంది కాబట్టి మధ్యలో దానికని అమ్మే పేస్టు రాయాలి.

అద్దం మీదుండే కాగితపు పొర మొత్తం పీకెయ్యకండి. అంటించే అంచు మేరకే తీసి, అక్కడ సన్నగా గరుకు చేసి, సగం నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక్కసారి తుడవండి. ఆ అంచుకి నల్లరంగు ఉంటే సిలికోన్ మీద ఎండ పడదు. గోడ మీద అద్దానికి ఆవల మాస్కింగ్ టేపు చాలా శ్రద్ధగా వెయ్యాలి. సిలికోన్ ఒకసారి ఫైబర్‌గ్లాస్‌కి అంటిందంటే రేపు అక్కడ పెయింటు కూడా నిలవదు. వీహెచ్‌బీ టేపు తాకిందంటే మళ్ళీ జరపడం కుదరదు. అందుకే ముందు టేపు మీద కాగితం తియ్యకుండానే రెండుసార్లు ఉత్తుత్తిగా పెట్టి చూసుకుని, గుర్తులు పెట్టుకుని, అప్పుడు అంటించాలి. టేపు లోపలి అంచున, బయట మిగిలిన సందంతా గాలి బుడగ లేకుండా సిలికోన్. సబ్బునీళ్ళలో ముంచిన చెంచా వెనక వైపుతో నునుపు చేసి, అది తోలు కట్టకముందే మాస్కింగ్ టేపు లాగెయ్యాలి.

రోజు ఎంచుకోవడంలో కూడా లెక్క ఉంది. మిట్టవేసవిలో అంటిస్తే చలికాలానికి అద్దం ఒకే వైపు మొత్తంగా ముడుచుకుంటుంది. నవంబరులోనో మార్చిలోనో, నీడలో, నడిమి వేడిలో పెడితే కదలిక అటు సగం ఇటు సగం పంచుకుంటుంది. మేం నవంబరు రెండో వారం ఎంచుకున్నాం, తుఫాను సీజను ఎలాగూ ఆ నెలాఖరుకి ముగుస్తుంది. ఈ రకం సిలికోన్ గాల్లో తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన హ్యూస్టన్ ఉక్క ఇక్కడ ఒక్కచోట ఉపయోగపడింది. అయినా పూర్తిగా ఆరడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ పడవ కదపొద్దు.

తర్వాత పరీక్ష. హోస్‌తో నీళ్ళు ధారగా కొట్టకండి. మెల్లగా పారేలా పెట్టి కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి రండి, ఒక్కోచోట అయిదేసి నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో ఎప్పటికీ తెలియదు. లోపల కనబడే చుక్క ఒకచోట, నీళ్ళు దూరే చోటు రెండడుగుల అవతల ఉండటం మామూలే. ఇంకో పద్ధతి ఉంది. తలుపులన్నీ మూసి, ఒక సందులోంచి ఆకులు ఊదే బ్లోయర్‌తో కేబిన్‌లోకి గాలి పంపి, బయట కిటికీ చుట్టూ సబ్బునీళ్ళు పూస్తే, కారేచోట బుడగలొస్తాయి. పిల్లలకి ఆ పని అప్పగించండి, మనకంటే బాగా కనిపెడతారు.

చివరగా, ఈలోగా పడవ వాడక తప్పని పరిస్థితైతే పగిలిన అద్దం మీద బయటినుంచి అరంగుళం ప్లైవుడ్ పలక వేసి, లోపల అడ్డంగా రెండు చెక్కలు పెట్టి బోల్టులతో బిగించండి. కొత్త అద్దం పెట్టాక ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా నీలం మందు, అసిటోన్ దాని దగ్గరికి రానివ్వకండి, రెండూ అక్రిలిక్‌కి జాలీ పగుళ్ళు తెప్పిస్తాయి. ముందు మంచినీళ్ళతో ఉప్పు కడిగి, పాత్రలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసిన నీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ. అమ్మ పాత చీర ముక్కయితే మరీ మంచిది.